పచ్చకొమ్మ గుర్తు

మా బావ నవల రాస్తున్నాడని తెలిసినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. నవ్వెందుకంటే, ఆలూరు సంతలో వంకాయలు బేరం చేయడం చేతగాని చిన్నబడి అయివారు, గుహలో పులిని ఒంటిచేత్తో చంపే వీరుడి గురించి రాస్తున్నాడు. కోపమెందుకంటే, ఆ గుహ బేతంచర్ల గుట్టల్లో ఉంది. దేశంలో ఇన్ని గుట్టలుండగా ఆయనకు అవే కావలసివచ్చాయి.

బావ అంటే వరసకు బావే, మా మేనత్త కొడుకు. పెళ్లయ్యాక కూడా బావా అనే పిలిచాను, నువ్వు అనే అన్నాను. పక్కింటి శెట్ల ఇల్లాలు "మొగున్ని నువ్వంటావేమ్మే" అని ముక్కున వేలేసుకునేది. "సంగటిముద్ద కాడ కొట్టుకోని పెరిగినోల్లం లేక్కా, మీరంటే నాకు నోరు తిరగదు, ఆయప్పకు చెవికెక్కదు" అనేదాన్ని.

నవల వేల ఏళ్ల కిందటి మనుషులది. పడమటి ఏరు ఎండిపోతే ముప్పైమంది గుంపుగా తూర్పుకు బయలుదేరతారు. ఊళ్లు లేవు, సేద్యం ఇంకా ఎవరికీ తెలియదు. నల్లమల అవతల నీళ్లున్న నేల ఉందని ఎవరో ముసలాయన అన్నమాట పట్టుకుని నడుస్తారు. ఆదివారం మధ్యాహ్నాలు నేను విత్తనానికి శనక్కాయలు వలుస్తుంటే, బావ గోడకు ఆనుకుని తాను రాసింది చదివి వినిపించేవాడు. నాకప్పటికి చదువు రాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ మా ఇంట్లో అది తిరగబడింది.

"ముప్పైమంది నాలుగు దినాలు నడిచిరంటివే, ఒగరన్నా నీళ్లు తాగిరా?" అన్నాను ఒకరోజు.

"తాగింటారులే. అదంతా రాస్తే కథ నడవదు."

"నీళ్లు లేకుంటే మనుషులే నడవరు, ఇంగ నీ కథ యాడ నడుస్తాది? ఆ గుంపులో ఆడోల్లు లేరా? బిడ్డలు ఏడ్సలేదా? ఎంతసేపూ పులి, పులి! ఆ పులికన్నా దప్పి కాదా?"

బావకు కోపం రాదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. కలం చెవిమీద పెట్టుకుని, "సరే, ఎట్ల నడుస్తారో నువ్వు చెప్పు" అన్నాడు.

చెప్పాను. నిప్పు ఎట్లా మోస్తారో చెప్పాను: పగిలిన కుండ అడుగున బూడిద, బూడిదలో రాజుకున్న పిడక, పైన మళ్లీ బూడిద. తెల్లారకముందే లేచి ఎండ ముదిరేలోపల ఎంత నడవాలో, చంటిపిల్లల నాలుకలు ఎండితే ఏం చేయాలో, డొంకల్లో ఏ ఆకు తినొచ్చో, ఏది తింటే కడుపు పట్టుకుంటుందో చెప్పాను. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు కదా, నేను ఉత్తినే అనడం లేదు, తిన్నాను. బావ అన్నీ రాసుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ పుస్తకంలో పులులు తగ్గి పొయ్యిలు పెరిగాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది.

ఇవన్నీ నాకెట్లా తెలుసంటే, కరువు నేర్పింది.

మాది కోసిగి దగ్గర పల్లె. యాభైల మొదట్లో మా వైపు వానలు వరసగా ఎగ్గొట్టాయి. గంజి పోసే కేంద్రం ముందు వరస మా వీధిదాకా ఉండేది. మామూలు ఏళ్లలో మా ఊరివాళ్లు కోతల కాలానికి సుగ్గికని పరాయి ఊళ్లకు పోయి, పని చూసుకుని తిరిగి వస్తారు. ఆ ఏడు ఊరు ఊరంతా పోయింది. నంద్యాల వైపు కాలవ కింద వరిపని ఉందని విని, మా నాయన, అమ్మ, జేజి, నేను, నా చెల్లెలు నడక పట్టాం. నాకు పదిహేనేళ్లు. చెల్లెలికి నాలుగు నిండాయి, మేము చిన్నది అనేవాళ్లం. దానికి ఎడమ చెవి కింద కందిగింజంత పుట్టుమచ్చ. మా నాయన తల్లి మా జేజి. మా బావకు ఆమె అవ్వ. జేజికి మోకాళ్లు పట్టేసేవి. చిన్నది జేజి వేలు వదిలి నడిచేది కాదు.

నడకలో మా వాళ్లకు ఒక పద్ధతి ఉంది. మూటలు మోసేవాళ్లు ముందు పోయి, నీళ్లున్నచోట పొయ్యి పెట్టాలి. నిదానంగా నడిచేవాళ్లు వెనక వస్తారు. ముందుగుంపులో అందరికన్నా వెనక నడిచే మనిషి, బాట చీలినచోటల్లా గుర్తు పెట్టాలి. పోకూడని బాటకు అడ్డంగా ముళ్లకంప వేసి, పైన రాళ్లు పెడితే 'ఇటు రావద్దు' అని. మంచి ఏళ్లలో పోవలసిన బాటమీద పచ్చకొమ్మ పెట్టినా సరిపోయేది. ఆ ఏడు గుర్తు పెట్టే పని నాది. బయలుదేరేటప్పుడు జేజి నా గదవ పట్టుకుని, మొహం తనవైపు తిప్పుకుని మరీ చెప్పింది.

"పచ్చది పెట్టొద్దుమే. కరువునాడు పచ్చనిది బాటమీద నిలవదు. కంపే ఎయ్యాల."

కోడుమూరు దాటిన మర్నాడు బాట రెండుగా చీలింది. ఎడమది కాలవ కిందికి, కుడిది బేతంచర్ల గుట్టల్లోకి. ఎండ నెత్తిమీదికొచ్చింది. చుట్టుపక్కల కంపంతా ఎవరెవరో కొట్టుకుపోయారు. ఒక్క తుమ్మచెట్టు కనిపించింది గానీ, అది మేము దాటి వచ్చిన రెండు చేన్ల వెనక ఉంది. చీలిన చోట మాత్రం ఒక వేపచెట్టు, దానికి నాలుగు లేతకొమ్మలు. నెత్తిన కుండతో వెనక్కి పోవడానికి నాకు బద్ధకమేసింది. ఒక కొమ్మ విరిచి, మొదలు ఎడమబాట వైపుకు తిప్పి పెట్టి, మీద మూడు రాళ్లు పెట్టాను. చూడ్డానికి బాగుంది కూడా. పరుగెత్తి మావాళ్లను కలుసుకున్నాను.

పొద్దు వాలేదాకా జేజి రాలేదు. ఈలోపల మేకలమంద ఒకటి మా వెనకనుంచే వచ్చి మమ్మల్ని దాటిపోయింది. అది కూడా కరువుకు పారిపోతున్న మందే. నాయన వెనక్కి పరుగెత్తాడు. చీలిన చోట మూడు రాళ్లు, మేకపెంటికలు ఉన్నాయట. కొమ్మ లేదు. తిరిగొచ్చి, "గుర్తు పెట్టినావా?" అని అడిగాడు.

"పెట్టినా నాయనా. కంప పెట్టినా" అన్నాను.

"ఎవరో పొయ్యిలోకి ఎత్తుకపోయినట్టుండారు" అన్నాడు నాయన. నేను అవునన్నట్టు తలూపాను.

మూడోరోజున జేజి దొరికింది. గుట్టల్లో ఒక గుహ నోట్లో, నీడలో కూర్చున్నట్టే ఉంది, ప్రాణం లేదు. పక్కన చిన్నది లేదు. కడప వైపు పోయే బండ్లవాళ్లు ఎవరో ఏడుస్తున్న ఆడపిల్లను ఎక్కించుకుని పోయారని ఒక గొర్రెలకాపరి చెప్పాడు. కబురు తెలిసి బావ బడికి సెలవు పెట్టి వచ్చాడు. ఆయన, నాయన కలిసి బనగానపల్లె, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప తిరిగారు. బండ్లపేట కనపడితే ఆగారు, సత్రం కనపడితే అడిగారు. నెల తర్వాత నాయన ఉత్తచేతులతో వచ్చి వరిమడిలో దిగాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఊరంతటికీ తెలుసు. అయినా ఆ పచ్చకొమ్మ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది కదా. పెళ్లయి ఆలూరు వచ్చాక, సంతరోజు నాలుగేళ్లదో అయిదేళ్లదో ఆడపిల్ల కనిపిస్తే చాలు, గదవ పట్టి మొహం పక్కకు తిప్పి చెవి కింద చూసేదాన్ని. ఏడాదికేడాది నేను చూసే పిల్లల వయసు పెరిగేది. "నీ పెండ్లాము సంతలో బిడ్డల చెవులు చూస్తాందంటప్పా" అని ఎవరో బావతో అన్నారట. ఆయన నన్ను మందలించలేదు. మరుసటి వారం నుంచి సంతకు నాతోపాటు తానూ వచ్చి, మగపిల్లలను కూడా చూడబోతుంటే నేనే తిట్టి ఆపాను.

ఇదీ ఆ గుట్టల సంగతి. అందుకే మొదట్లో ఆయన్ను నిలదీశాను, "ఇన్ని చోట్లుండగా ఆడే ఎందుకు రాసినావు?" అని. ఆయన ఆ గుహలోనుంచి తెచ్చిన రాయి ఒకటి ఇంట్లో ఉండేది. రెండు పక్కలా చెక్కినట్టుండి, అరచేతిలో ఇమిడేది. వేల ఏళ్ల కిందటి మనిషి గొడ్డలి అని చెప్పేవాడు. నేను దాంతో వెల్లుల్లి దంచేదాన్ని, ఆయన లబోదిబోమనేవాడు. ఆరోజు మాత్రం దాన్ని ఆయన ముందు పడేసి, "మేము బిడ్డను యెతుకుతాంటే నువ్వు రాళ్లేరుకుంటాంటివా?" అన్నాను.

"అవ్వ దొరికిన చోటే ఉండింది అది," అన్నాడు బావ. "అవ్వ ఆడ కూసున్నాది. అదే చోట ఎప్పుడో ఎవరో కూసున్యారు. వాళ్లూ నీళ్ల కోసరం నడిచి వచ్చినోల్లే. అది చూసినాక నాకు రాయకుండా ఉండబుద్ధి కాలేదు. ఏం చేసేది, చెప్పు?"

రాయి తీసి గూట్లో పెట్టి, మళ్లీ శనక్కాయలు వలుచుకుంటూ విన్నాను.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం, గుంపు రెండుగా విడిపోయే చోటు వచ్చింది. ముసలివాళ్లు వెనకబడతారు, వయసువాళ్లు ముందుకు పోతారు. బావ గొంతు పెంచి చదువుతున్నాడు: "నాయకుడు బాట చీలిన చోట నిలిచి, వెనుక వచ్చు వారికి గురుతుగా ఒక పచ్చని కొమ్మను విరిచి..."

చేట ఎగిరి గోడకు తగిలింది. విసిరింది నేనే. విత్తనాలు ఇల్లంతా పడ్డాయి.

"ఎవరన్నా పచ్చకొమ్మ పెడతారా! ఏరెండిన కరువులో పచ్చకొమ్మ పెడతారా! మేకలు తినవా? జింకలు తినవా? బుద్ధి ఉండాదా నీకు, రాసేటోనికి? ఎనక ముసలామె వస్తాంది, ఆమె వేలు పట్టుకోని బిడ్డ వస్తాంది, వాళ్లు యాడికి పోతారు?"

అరుస్తూనే ఏడుస్తున్నాను. బావ పుస్తకం మూసి, కింద కూర్చుని విత్తనాలు ఏరడం మొదలుపెట్టాడు. అన్నీ ఏరి చేటలో పోసి, అప్పుడు అడిగాడు, "నువ్వు పెట్టిండేది కంప కాదా?" అని.

"కాదు బావా" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చచ్చిపోయింది ఆయన అవ్వ కూడా కదా. ఆయన లేచి కుండలోనుంచి నీళ్లు ముంచి నాకిచ్చాడు. తర్వాత చెప్పులేసుకుని బయటికి పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్నం తిన్నాం.

రెండు ఆదివారాలు పుస్తకం బయటికి రాలేదు. మూడో ఆదివారం తెచ్చి, అడక్కుండానే చదివాడు. అందులో వెనకబడిన ముసలామె చనిపోతుంది. బిడ్డ తప్పిపోతుంది. గుంపంతా ఆగిపోయి, నీళ్ల కోసం కాదు, ఆ బిడ్డకోసం గుట్టలన్నీ గాలిస్తారు. కడపటికి ఒక పడుచుపిల్ల గుహ వెనక పొదలో బిడ్డను చూస్తుంది. ఆ పడుచుపిల్లకు బావ నా నడకే పెట్టాడు, నా తిట్లే పెట్టాడు. ఆయన నాకోసం అంత చేశాడు. నేనేమన్నానంటే:

"చించెయ్ బావా."

"ఏం, బాగాలేదా?"

"శానా బాగుండాది. అందుకే చించమంటాండా. నీ పుస్తకంలో అది దొరికితే నాకు పానం కుదుటపడతాది. కుదుటపడితే యెతకను. యెతకకుంటే అది నిజంగా పోయినట్టే గదా?"

బావ చించాడు. ఆ ముక్కలను నేనే నీళ్లపొయ్యిలో వేశాను. నవలలో ఆ గుంపు బిడ్డను వెతుక్కుంటూ నడుస్తూనే ఉండగా కథ ఆగిపోతుంది. ముగింపు లేని పుస్తకం ఎవరు చదువుతారని కర్నూలులో అచ్చాఫీసువాళ్లు తర్వాతెప్పుడో తిప్పి పంపారు. ముగింపు రాసిస్తే వేస్తామన్నారు కూడా. రాయనని ఈయన ఖచ్చితంగా చెప్పి వచ్చాడట. పులికి భయపడే మనిషి, అక్కడ మాత్రం వీరుడైపోయాడు.

కాగితాలు కాలిన రోజే బావ అన్నాడు, "మీయమ్మకు చెప్పు" అని. నెలరోజులు నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఎవరికి చెప్పినా చెప్తాను గానీ మా అమ్మకు ఎట్లా చెప్పను? తన కూతుర్ని నేను పోగొట్టానని, ఆపైన ఇన్నేళ్లు అబద్ధంమీద ఆమె పెట్టిన కూడు తిన్నానని చెప్పాలి కదా. తల్లికి మిగిలింది నేనొక్కదాన్నే. ఆమె నన్ను ఛీ పొమ్మంటే నాకు పుట్టిల్లు లేదు. అది పోయినా తట్టుకుంటాను. ఆమె మొహం ఎట్లా చూసేదని భయం.

అయినా పోయాం. ఆదోని దాకా బస్సు, అక్కడినుంచి కోసిగికి రైలు. నాయన చేనికి పోయాడు. అమ్మ గడపలో కూర్చుని కొర్రల్లో రాళ్లు ఏరుతోంది. బావ అరుగుమీదే ఉండిపోయాడు. నేను పోయి అమ్మ ఎదురుగా కూర్చుని, నీళ్లు కూడా తాగకుండా మొత్తం చెప్పేశాను. తుమ్మచెట్టు రెండు చేన్ల వెనక ఉండడం, నా బద్ధకం, వేపకొమ్మ, మేకలు, నాయనతో అబద్ధం, అన్నీ. అమ్మ చేతులు ఆగలేదు. రాయి కనిపిస్తే తీసి పక్కన పడేస్తోంది.

"నేనూ చూసినా" అంది.

"ఏం చూసినావు?"

"నువ్వు కొమ్మ ఇరిసేది. ఎందుకో ఎనక్కి తిరిగినా. పచ్చది పెడతాంది, మేకలు తింటాయి, పోయి కంప ఏయించాల అనుకున్నా. నెత్తిన మూట, కాళ్లు రెండూ బొబ్బలు. ఎనక్కి తిరగల్యాకపోయినా. అత్తకు బాట తెలీదా, ఎవుర్నన్నా అడుగుతాదిలే అనుకున్నా." చేటలో కొర్రలు ఒకసారి చెరిగింది. "కంప పెట్టినా అని మీ నాయనతో నువ్వంటాంటే, అబద్ధమని తెలిసీ గమ్మునుంటి. నువ్వు పదైదేండ్ల దానివి. నేను తల్లిని."

నేను ఏడుస్తుంటే అమ్మ నా వీపుమీద చెయ్యి వేసింది. ఆమె మాత్రం ఏడవలేదు. ఇన్నేళ్లలో ఏ గోడకు ఆనుకుని ఏడ్చి అయిపోగొట్టుకుందో. ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తింటూ, ఇద్దరమూ అదే కొమ్మను మోశాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ మళ్లీ కొర్రల్లో చెయ్యి పెట్టి, "అల్లుడు ఏందో పుస్తకం రాస్తాండాడంట గదా, ఆ గుట్టలమీద. మనట్ల నడిచినోల్లది" అంది.

"ఊ."

"అందులో బిడ్డ తప్పిపోతాదంట."

"ఊ."

"దొరికిందా?"

అమ్మ చేతులు అప్పుడు ఆగాయి. కాలిపోయిన కాగితాలు నాకు గుర్తున్నాయి. నేను బావతో అన్నమాట కూడా గుర్తుంది. నేను వెతుకుతూనే ఉన్నాను, ఈ రోజుకీ బస్సులో నా పక్కన ముసలామె కూర్చుంటే ఎడమ చెవి కింద చూస్తాను. నాకు నా చెల్లెలు కావాలి. కానీ ఆ పొద్దు అడిగింది నేను కాదు, మా అమ్మ.

"దొరికిందిమా" అన్నాను.

"యాడ?"

"ఏటిగట్టున."

"అన్ని దినాలు ఏం తిన్నాదంట?"

"ఎవరో ముసలామె చేరదీసింది. కలిగిందాంట్లో ఇంత పెట్టింది."

"కొట్టలేదు గదా ఆమె?"

"లేదుమా. దినామూ తలకు నూనె పెట్టి దువ్వేది."

ఆ కాలంలో నూనె ఎక్కడిదని అరుగుమీది అయివారు దిద్దుతాడేమోనని అటు చూశాను. ఆయన తల తిప్పుకుని వీధిలోకి చూస్తున్నాడు.

అమ్మ చేట పక్కన పెట్టింది. "అక్కను గుర్తుపట్టిందా?"

"పట్టిందిమా. సంకనెక్కి దిగనంటాంది."

"దించొద్దు" అంది అమ్మ.